చలిమిడిలో కొలిచిన పిడి

ఇప్పుడు పిల్లలకి ఏ ఆట మీద మనసైతే ఆ ఆటకో అకాడమీ ఉంది, ఆ అకాడమీకో యూనిఫాం ఉంది, ఆ యూనిఫాంలో దిగిన ఫొటో పెట్టుకోవడానికి చేతిలో ఫోనుంది. నేను చోడవరంలో డిగ్రీ చదివిన రోజుల్లో ఆడపిల్లలకి ఆటలంటే రెండే. ఒకటి ఖోఖో ఆడటం, రెండోది ఖోఖోలో పడి మోకాలు చెక్కుకుపోయి ఇంట్లో కూర్చోవడం. రెండోదాంట్లో నాకు మంచి పేరుండేది. పరిగెత్తడం నాకు పుట్టుకతో రాలేదు, తర్వాతా రాలేదు. వీపు మీద చరిచి ‘ఖో’ అంటే అందరూ లేచి పరిగెత్తేవారు, నేను మాత్రం అన్నది నన్నేనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, నిర్ధారణ అయ్యాక నింపాదిగా లేచేదాన్ని. అందుకని జట్టంతా కలిసి నాకు ‘స్తంభం’ అని పేరు పెట్టారు. (ఇద్దరు స్నేహితురాళ్ళ ఫోన్లలో నా నంబరు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. వాళ్ళ పిల్లలు ‘స్తంభం ఆంటీ’ అంటే పలుకుతున్నాను కూడా.) అలాంటి నా చేతికి పిస్తోలు ఇచ్చిన మహానుభావుడు మా డ్రిల్లు మేస్టారు.

పిస్తోలంటే కంగారు పడకండి. పోలీసులది కాదు, పోటీల్లో వాడే గాలి పిస్తోలు. మీట లాగి గాలి నింపి, ఆవగింజకి అన్నయ్యలాంటి సీసపు గుండు ఒకటి పెట్టి, పది మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద కొట్టాలి. దాని చప్పుడుకి కాకి కూడా లేచేది కాదు. మేస్టారు పెళ్ళికి ముందు పోటీలకి వెళ్ళిన రోజుల్లో కొనుక్కున్నది. మొత్తం చోడవరానికి అదొక్కటే. ఒకరోజు ఖోఖో కోర్టు పక్కన నిలబడి నన్ను చాలాసేపు చూసి దగ్గరికి పిలిచారు. ఇంక జట్టులోంచి పీకేస్తారనుకున్నాను. ‘అందరూ కదులుతన్నారు, నువ్వొక్కర్తివే కదల్లేదు. కదలకపోడం కూడా ఒక విద్యేనమ్మా. దానికీ ఒక ఆటుంది’ అన్నారు. నాలోని లోపాన్ని పట్టుకుని విద్య అన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా పెద్దగా చూడలేదు.

కాలేజీ వెనక పాత క్లాసు గదిలో, ఇసుక బస్తాలు పేర్చిన గోడకి కాగితం అంటించి నేర్పారు. ఆరు నెలల్లో నా గుళ్ళు బస్తాని వదిలి కాగితానికీ, కాగితాన్ని వదిలి నల్ల చుక్కకీ చేరాయి. జిల్లా సెలక్షన్లు (అప్పటికి మాది ఇంకా విశాఖ జిల్లాయే) మూడు వారాలున్నాయనగా, మేస్టారికి వేరే ఊళ్ళో పరీక్షల డ్యూటీ పడింది. పిస్తోలు పెట్టె నా చేతిలో పెట్టారు. ‘గుళ్ళు నాకాడే ఉంటాయి. నువ్వు రోజూ గంటసేపు గోడ మీద సుక్క పెట్టుకుని ఉత్తినే గురి పట్టు. సెలక్షన్ల రోజు పొద్దున్న విశాఖలో కలుద్దాం. ఒక్కటే మాట. ఇస్క్రూ ముట్టుకోకు. కంపెనీవోడు ఎలగిచ్చేడో అలగే ఉండాల’ అన్నారు. నా నెత్తి మీద నేనే చెయ్యేసుకుని ఒట్టేశాను. ఆయన నమ్మారు. ఇంట్లో మా అమ్మ ఆ పెట్టెని బట్టల బీరువాలో పెట్టి, ఎవరడిగినా కుట్టుమిషను సామాను అని చెప్పేది.

ఇక్కడ నా కష్టం చెప్పాలి. ఆ పిస్తోలు పిడి మగాళ్ళ చేతికి చేసింది. నేను పట్టుకుంటే చంటిపిల్ల మరచెంబు ఎత్తినట్టుండేది. చూపుడువేలు ట్రిగ్గరుకి అందీ అందనట్టు అందేది. ట్రిగ్గరేమో మొండిది. దాన్ని లాగేసరికి గొట్టం కాస్తా వంగి నేల చూపులు చూసేది. కాలేజీలో మేస్టారు పక్కనుంటే ఎలాగో నెట్టుకొచ్చానుగానీ, ఇంట్లో ఒక్కదాన్నే గోడ ముందు నిలబడి రోజూ వణకడం మొదలయ్యేసరికి ఏడుపొచ్చేది. సరిగ్గా అలా వణుకుతున్న సాయంత్రం గుమ్మంలోకి వచ్చాడు మా ఫిట్టరు మావ.

మావ మా అమ్మకి తమ్ముడు, పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరకు గానుగాడే సీజనంతా మావ మాకు కనపడేవాడు కాదు. ఆ సీజను అయిపోయిందంటే మాత్రం ఫ్యాక్టరీలో ప్రతి మిషనూ విప్పి, తుడిచి, అరిగిన పార్టు మార్చి, మళ్ళీ బిగించడమే పని. దాన్ని వాళ్ళు ‘ఓవరాయిలింగు’ అనేవారు. ఆ నాలుగైదు నెలలూ మావ చేతులకి దురద. ఫ్యాక్టరీలో విప్పింది చాలక మా ఫ్యాను, మా గ్రైండరు, నాన్న సైకిలు, పక్కింటివాళ్ళ గేటు విప్పేవాడు. మా ఇంట్లో మావ విప్పనిది నాన్న ఒక్కణ్ణే. అయితే ఆయన దగ్గర ఒక పద్ధతుంది. తీసిన పార్టు ఎంత పనికిరానిదైనా పారెయ్యడు. గుడ్డముక్కలో చుట్టి, దానికో చీటీ కట్టి, ఏది ఎక్కడిదో రాసి దాస్తాడు. ‘కొత్త పార్టు ఒక సీజను ఆడీదాకా పాతది పారీకూడదే’ అనేవాడు. దీనివల్ల మా వంటింటి అటకలో సగం మా ఊరగాయలూ, సగం మావ చీటీలూ ఉండేవి. అమ్మ వారానికోసారి తిట్టిపోసేది.

‘ఏటే గుంటా, సెయ్యి అలగ వణుకుతంది? జొరమా?’ అన్నాడు మావ.

‘పిడి పెద్దదైపోయింది మావా, అందట్లేదు’ అన్నాను.

‘పెద్దదైతే సిన్నది సేసీలేమా? అంతేసి మిల్లు రోలర్లే మార్సేం. ఇదొక లెక్కా?’

‘ఇస్క్రూ ముట్టుకోనని మేస్టారికి ఒట్టేశాను.’

మావ పిస్తోలు నా చేతిలోంచి తీసుకున్నాడు. ‘నిజమే. నువ్వు ముట్టుకోకు. నేను ముట్టుకుంటాను’ అన్నాడు.

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నాకు ఆ మాటలో ఏ లోపమూ కనపడలేదు. కనపడకూడదని నేనే కళ్ళు మూసుకున్నానేమో.

మర్నాడు మా పెదనాన్నగారి పెద్దమ్మాయికి శ్రీమంతం. అమ్మ తెల్లవారుజామునే లేచి బియ్యం దంచి, అనకాపల్లి బెల్లం పాకం పట్టి, ఇత్తడి పళ్ళెం నిండా చలిమిడి చేసి మూతపెట్టి పెరట్లోకి వెళ్ళింది. మావ నా చేతికి కొలత తీసుకోవడానికి వచ్చాడు. మట్టయితే ఆరి బీటలిస్తుందట, మైనమయితే వేడికి జారిపోతుందట. అటూ ఇటూ చూసి, మూత తీసి, పళ్ళెంలోంచి కొబ్బరికాయంత ముద్ద పెళ్ళగించి, ‘ఇదీ సరుకంటే! పట్టు, పిస్తోలనుకుని గట్టిగా పట్టు’ అన్నాడు. పట్టాను. ఐదు వేళ్ళూ, అరచెయ్యీ, బొటనవేలి కింది కండా అచ్చు గుద్దినట్టు దిగాయి. నేతి వాసన. ఇద్దరం మురిసిపోతూ ఉంటే వెనకనుంచి అమ్మ కేక వినపడింది.

‘ఓలమ్మో! కడుపుతో ఉన్న గుంటకి పెట్టే సలిమిడిరా అది! దాన్లోన పిస్తోలు పట్టు పడతారా ఎవలైనా?’

‘సిన్న ముద్దే కదక్కా’ అన్నాడు మావ, ముద్దని వెనక్కి దాచుకుంటూ.

‘పుట్టీవోడు తుపాకీ పట్టుకుని పుట్టేడంటే అప్పుడు సెప్తాను నీ పని!’

(పుట్టింది ఆడపిల్ల. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దీపావళికి మతాబు వెలిగించడానికి కూడా నన్నే పిలుస్తుంది.)

ఆ ముద్దని పక్కన పెట్టుకుని, పట్టిన చీమల్ని ఊదుకుంటూ, బొమ్మలకి వాడే అంకుడు కర్రతో మావ మూడు రోజుల్లో పిడి చెక్కాడు. చెక్కినవాడు ఊరుకోకుండా బొమ్మలవాళ్ళ చేత లక్క రంగు కూడా పట్టించాడు, పసుపు మీద ఎర్ర గీతలు. చెయ్యి వణక్కూడదు కదా అని పిడి వెనక భాగాన్ని పైకి సాగదీసి మణికట్టు చుట్టూ కట్టులా తెచ్చాడు. ట్రిగ్గరు ‘మరీ బిగుసుకుపోయిందే, పాపం’ అని జాలిపడి దానికేదో చేశాడు (ఏం చేశాడో ఇప్పటికీ చెప్పడు, అడిగితే ‘ఫిట్టింగు’ అంటాడు). ఆ తర్వాత నేను గట్టిగా ఊపిరి వదిలితే చాలు, టక్కుమనేది. కంపెనీ పిస్తోలు కాస్తా లక్కపిడతల పెట్టెలో ఉండాల్సిన వస్తువైంది. కానీ పట్టుకుంటే మాత్రం, ఏం చెప్పను! నా చేతి కోసమే పుట్టినట్టుంది. గోడ మీద చుక్క కదల్లేదు. అద్దం ముందు నిలబడి ఒక కన్ను మూసి నన్ను నేనే గంటలకొద్దీ చూసుకున్నాను. ఆ రెండు వారాల్లో గురి కన్నా అద్దం ఎక్కువ ప్రాక్టీసు చేశానని ఒప్పుకుంటున్నాను.

సెలక్షన్ల ముందురోజు పాత పిడి వేయించేద్దామనుకున్నాను. చెయ్యి ఒప్పుకోలేదు. మేస్టారికి అక్కడే నిజం చెప్పేద్దాం, చూస్తే ఆయనే మెచ్చుకుంటారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పొద్దున్నే నేనూ మావా చోడవరం కాంప్లెక్సులో బస్సెక్కాం. నా ఒళ్ళో పిస్తోలు పెట్టె, మావ ఒళ్ళో పులిహోర క్యారేజీ, ఒక గుడ్డసంచీ. విశాఖ దగ్గరపడేకొద్దీ నా ధైర్యం వెనక్కి నడిచి చోడవరం వెళ్ళిపోయింది. మేస్టారు ఆ పిస్తోలు వెనక్కి తీసేసుకుంటే నా ఆట అక్కడితో సరి, ఊళ్ళో ఇంకొకటి లేదు. అంతకన్నా, ‘ఒట్టేశావు కదమ్మా’ అని ఆయనంటే ఏం చెప్పాలో తెలియలేదు.

రేంజి అంటే పొడుగాటి రేకుల షెడ్డు. బయట బల్ల దగ్గర పోటీకి ముందు ప్రతి పిస్తోలునీ చూసి చీటీ అంటిస్తున్నారు. మేస్టారు అప్పటికే అక్కడున్నారు, ఇస్త్రీ చొక్కాలో, నాకన్నా ఎక్కువ కంగారుగా. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలోనే నా పేరు పిలిచారు. పెట్టె మూత నేనే తీశాను. బల్ల వెనక కూర్చున్న కళ్ళద్దాలాయన పసుపు, ఎరుపు పిడిని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ‘ఏంటమ్మా, పిస్తోలుకి గాజులు తొడిగారా?’ అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. పిడి మణికట్టుకి ఆనకూడదట, అది రూలు. తర్వాత గొట్టం పైకి పెట్టి, ట్రిగ్గరుకి అరకిలో బరువు తగిలించి లేపబోయాడు. బరువు లేచేదాకా ట్రిగ్గరు పట్టి ఉండాలి. మా ట్రిగ్గరు బరువుని చూసి ముందే టక్కుమంది. ‘పనికిరాదు. మీ వంతుకి ఇంకా నలభై నిమిషాలుంది. సరిచేసుకుని వస్తే సరే, లేకపోతే లేదు’ అని పెట్టె నా వైపు తోశాడు.

నేను మేస్టారి ముఖం వైపు చూడలేకపోయాను. ఆయన చెప్పులు చూశాను. కొత్తవి. నా పోటీ కోసం కొత్త చెప్పులు వేసుకొచ్చిన మనిషి.

‘ఎవలు విప్పేరమ్మా?’ అన్నారు, చాలా నెమ్మదిగా.

బయటికి పరిగెత్తాను. (అవును, పరిగెత్తాను. ఖోఖో జట్టు చూడలేదు, అదే నా దురదృష్టం.) మావ షెడ్డు నీడలో కూర్చుని ఎవరో తెలియని ఇద్దరికి పులిహోర పెడుతున్నాడు. ఏడుస్తూ చెప్పాను. మావ చెయ్యి కడుక్కుని, గుడ్డసంచీ విప్పాడు. లోపల నాలుగు చిన్న మూటలు. ఒక్కోదానికి ఒక్కో చీటీ. ‘పిడి కుడి సెక్క’, ‘పిడి ఎడం సెక్క’, ‘టిగ్గర స్ప్రింగు, కంపెనీది’, ‘ఇస్క్రూలు నాలుగు, ఒకటి పొడుగు’. నా జీవితంలో ఆ చీటీల కన్నా అందమైన చేతిరాత నేను చూడలేదు. ‘సెప్పేను కదే, కొత్తది ఒక సీజను ఆడీదాకా పాతది పారీకూడదని. ఇది ఒక్క పూట కూడా ఆడలేదు’ అన్నాడు.

మేస్టారు వెనకాలే వచ్చి నిలబడి ఉన్నారు. మావ ఆయన్ని చూసి లేవబోయి, టైము లేదని కూర్చునే నమస్కారం పెట్టి, ‘మేస్టారూ, కాస్త సెయ్యి సాపండి’ అన్నాడు. మేస్టారు ఎందుకని అడగకుండా చాపారు. మావ ఆ అరచేతిలో స్క్రూలు ఒక్కొక్కటే పెట్టాడు. ఇస్క్రూ ముట్టుకోవద్దన్న మనిషే ఆ స్క్రూలు కింద పడకుండా గుప్పిట సగం మూసి, ఎండలో గొంతుక్కూర్చుని ముప్పై నిమిషాలు అలాగే ఉన్నారు. మధ్యలో ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. ‘అది కాదు, పొడుగుది ముందర’ అని ఈయన, ‘మిల్లుకి అలగ బిగిస్తే రోలరు ఊడిపోద్ది మేస్టారూ’ అని ఆయన. బరువు పరీక్షకి మళ్ళీ వెళ్ళినప్పుడు ట్రిగ్గరు తన పాత మొండితనంతో నిలబడింది. దానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. కళ్ళద్దాలాయన చీటీ అంటించాడు.

నేను గెలవలేదు. ఆ మాట ముందే చెప్పాల్సింది. రెండు వారాలు సుఖం మరిగిన చెయ్యి కంపెనీ పిడిని గుర్తుపట్టలేదు. మొదటి పది గుళ్ళూ నల్ల చుక్క చుట్టుపక్కల వాకబు చేసి వచ్చాయి. చివరి వాటిలో కొన్ని కుదిరాయిగానీ, జట్టుకి తీసుకున్న పేర్లలో నా పేరు లేదు. తిరుగు బస్సులో నేను ముందు సీట్లో, వాళ్ళిద్దరూ వెనక సీట్లో. పెట్టె మేస్టారి ఒళ్ళో ఉంది, ఇక అది నా చేతికి రాదనుకున్నాను. సబ్బవరం దాటాక వెనకనుంచి గుసగుసలు వినపడ్డాయి. మెల్లిగా తిరిగి చూశాను. మావ చెక్కిన పిడి ఇద్దరి మధ్యా ఉంది. మేస్టారు దాని మీద పెన్సిల్‌తో గీత గీస్తున్నారు. ‘ఇక్కడికి కోసీండి. మణికట్టుకి ఆనదు, రూల్లోకి వస్తది. ఈ యేళ్ళ గాళ్ళు మాత్రం ముట్టుకోకండి, అయి బెమ్మాండంగా ఉన్నాయి’ అంటున్నారు, వేళ్ళు కూర్చునే పల్లాలు తడుముతూ.

చోడవరంలో దిగాక పెట్టె నా చేతికిచ్చారు. ‘ఇస్క్రూ ముట్టుకోవద్దన్నాను కదమ్మా’ అన్నారు. తప్పయింది మేస్టారూ అన్నాను, తల దించుకుని. ఆయన మావ వైపు చూశారు. ‘నీకు సెప్పేను గానీ మీ మావకి సెప్పలేదు. అది నా తప్పు. రేపు పొద్దున్న ఆరింటికి రా’ అని వెళ్ళిపోయారు. అంతే. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నా తప్పుని సగం తన నెత్తినేసుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఒట్టు తప్పినందుకు నన్ను కొట్టి ఉంటే ఇంత బాగా గుర్తుండేది కాదు.

మరుసటి ఏడు అదే పిడితో, గీత దగ్గర కోసినదానితో వెళ్ళాను. ట్రిగ్గరు కంపెనీ స్ప్రింగుతోనే ఉంది. అయినా వెళ్ళే ముందు మావ దానికి అరకిలో పంచదార పొట్లం తగిలించి, నాన్ననీ అమ్మనీ సాక్షులుగా నిలబెట్టి మరీ పరీక్ష చేశాడు. అదే కళ్ళద్దాలాయన చూసి, ‘గాజులు తీసేశారా? మంచిదే’ అని చీటీ అంటించాడు. ఈసారి జట్టులో నా పేరుంది. ఆ సర్టిఫికెట్టుతో వ్యాయామ విద్యలో సీటు, తర్వాత ఉద్యోగం. ఇప్పుడు బుచ్చయ్యపేట వైపు ఒక హైస్కూల్లో నేనే డ్రిల్లు మేడాన్ని. ఖోఖోలో లేవని పిల్ల కనపడితే తిట్టను, కాసేపు నిలబడి చూస్తాను.

మేస్టారు రిటైరైనప్పుడు పిస్తోలు నాకే ఇచ్చేశారు. దానికి వయసైపోయింది, గాలి నిలబడటం లేదు. పిడి మాత్రం లక్క మెరుపు పోకుండా అలాగే ఉంది. మొన్న ఆదివారం అది పట్టుకుని మావ ఇంటికి వెళ్ళాను. మావకి డెబ్బై దాటాయి. ఫ్యాక్టరీ మానేసి చాలా ఏళ్ళయినా వాకిట్లో ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. పిడి పట్టుకుని చూపించబోయాను. వేళ్ళు గాళ్ళలో దిగలేదు. ఉంగరం వేలు సగంలోనే ఆగిపోయింది, అరచెయ్యి పక్కలకి పొర్లింది. పంతొమ్మిదేళ్ళ నా చెయ్యి ఆ చెక్కలో హాయిగా ఉంది, నేనే బయటుండిపోయాను.

‘కర్ర ఎండి బిగిసిపోయినట్టుంది మావా’ అన్నాను.

‘అంకుడు కర్ర బిగీదే’ అన్నాడు మావ, కళ్ళద్దాలు సర్దుకుని నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూస్తూ. ‘సెయ్యి ఒళ్ళు సేసింది. మీ అమ్మని సలిమిడి సెయ్యమను, కొత్త కొలత తీద్దాం.’

నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. మావ అవేవీ పట్టించుకోలేదు. పిడిని నా చేతిలోంచి తీసుకుని, ఒక పాత పంచె ముక్కలో జాగ్రత్తగా చుట్టి, చీటీ మీద పెన్సిల్‌తో ‘గుంట కుడి సెయ్యి, పాతది’ అని రాసి, దారంతో కట్టి నా ఒళ్ళో పెట్టాడు.

‘పారీకు’ అన్నాడు. ‘కొత్తది ఒక సీజను ఆడాల.’